చేని కాపలా, తుపాకి లైసెన్సు, పక్క రైతు

చెనక్కాయ చెట్టు ఊడలు దించి కాయ పాలు పోసుకుంటున్నదంటే పలమనేరు, బైరెడ్డిపల్లె, రామకుప్పం పక్క రైతుకు ఇంట్లో నిద్ర ఉండదు. దుప్పటి, టార్చిలైటు, చేతికర్ర పట్టుకుని పొద్దుగూకేసరికి చేని గట్టుకు చేరాల్సిందే. ఒక్క రాత్రి ఏమరితే చాలు, పది పన్నెండు అడవి పందుల మంద వచ్చి చేనును మూతితో దున్నిపోస్తుంది. అవి తినేది తక్కువ, పెళ్ళగించి పారేసేది ఎక్కువ. విత్తనాల అప్పు, ఎరువుల అప్పు, కూలీల ఖర్చు అన్నీ తెల్లారేసరికి మట్టిలో కలిసిపోతాయి.

అలాంటి పొద్దున గెనిమ మీద తల పట్టుకుని కూర్చున్న రైతు నోట వచ్చే మాట ఒకటే. "ఒక తుపాకి ఉండుంటేనా!"

రైతు సోదరులారా, ఆ మాటలో తప్పు లేదు. కడుపుమంటతో వచ్చే మాట అది. అయితే తుపాకి ఎవరు పెట్టుకోవచ్చు, దానితో ఏం చేయవచ్చు, ఏం చేస్తే జైలుపాలవుతాము అన్నది మనలో చాలామందికి తెలియదు. తెలియక కొందరు, తెలిసీ తెగించి కొందరు చిక్కుల్లో పడుతున్నారు. అంతకన్నా ఘోరం, పంది కోసం పెట్టిన కరెంటు తీగకు పక్క చేని రైతు బలైపోవడం. ఈ వారం ఆ సంగతులే చెప్పుకుందాం.

మునుపటి వేట

పుంగనూరు, కార్వేటినగరం, కంగుంది జమీందార్ల కాలంలో వేట అంటే పెద్దవాళ్ళ వినోదం. దొరల కాలంలోనూ అంతే. బెంగుళూరులో ఉండిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ మన చామల లోయలో మనుషుల్ని తినే పులి వెంట తిరిగిన కథను 1954లో అచ్చయిన పుస్తకంలో రాసుకున్నాడు. రైతు వేట వేరు. అది సరదా కాదు, చేని కాపలా.

మా చిన్నతనంలో మా ఊళ్ళో లైసెన్సు తుపాకులు రెండే రెండు ఉండేవి. రెండూ మూతిలో నుంచి మందు దట్టించి కాల్చేవి. ఒకటి పెద్దింటాయనది, ఒకటి చెరువు కింద సేద్యం చేసే ఒక మామది. పేరుకు వాళ్ళవే గానీ ఊరంతటికీ అవే దిక్కు. చెనక్కాయల కాలం వస్తే "మామా, ఈ పొద్దు మా కయ్య పక్కకు రాకూడదా" అని సాయంత్రం నలుగురైదుగురు వాళ్ళ అరుగు మీద కూర్చునేవాళ్ళు. రాత్రి ఢాం అని చప్పుడైతే ఊరంతా లేచేది. తెల్లారేసరికి చింతచెట్టు కింద ఆకుల మీద మాంసం కుప్పలు. కాల్చినాయనకు తలకాయ, చేను గలాయనకు ఒక కుప్ప ఎక్కువ, కాపలాకు పోయినోళ్ళకు, కుక్కల్ని తెచ్చినోళ్ళకు తలా ఒక కుప్ప. మొగదిక్కు లేని ముసలామె ఇంటికి కూడా ఒక కుప్ప పోయేది. అడిగి తీసుకోవాల్సిన పని లేదు.

ఇది చెప్పడం ఎందుకంటే, మనోళ్ళు ఇప్పటికీ అదే లెక్కలో ఉన్నారు. నిజానికి ఆ రోజుల్లో కూడా అది నేరమే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోనే వచ్చింది. పల్లెల్లో దాని సంగతి తెలిసినవాళ్ళు తక్కువ, పట్టించుకున్నవాళ్ళు ఇంకా తక్కువ. ఇప్పుడు అలా కాదు. సెల్‌ఫోన్లో ఒక ఫోటో చాలు. కుప్ప తీసుకున్న ఇళ్ళన్నీ కేసులో ఉంటాయి.

తుపాకి చట్టం ఏమంటుంది

తెల్లదొరలు 1878లో తెచ్చిన ఆయుధాల చట్టం పోయి, మన ప్రభుత్వం చేసిన 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇప్పటికీ అదే మూలం. లైసెన్సు లేకుండా ఏ తుపాకీ ఇంట్లో ఉండకూడదు. అటకమీద తుప్పు పట్టినదైనా సరే.

ఈ చట్టం 13వ సెక్షన్‌లో రైతు పేరు లేకపోయినా రైతు పని ఉంది. నిజంగా పంట కాపాడుకోవడానికి మూతి నుంచి మందు దట్టించే తుపాకి అడిగితే లైసెన్సు ఇవ్వవచ్చునని అందులో ఉంది. ఆత్మరక్షణకు, క్రీడకు అయితే గొట్టం 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం తుపాకి. రెండూ వేరు వేరు. పంట కాపలా కోసం అడిగేవాళ్ళు ఆ సంగతి దరఖాస్తులో స్పష్టంగా రాయాలి. 21 ఏళ్ళు నిండి ఉండాలి. దరఖాస్తు జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరు గారికి పెట్టుకోవాలి. మీ స్టేషన్ పోలీసులు విచారించి రిపోర్టు పంపుతారు. పాత గొడవలు, కేసులు ఉంటే అక్కడే ఆగిపోతుంది. పాసుపుస్తకం, అడంగల్ నకలు, అడవి జంతువులతో ఇదివరకు జరిగిన నష్టానికి పెట్టుకున్న అర్జీల నకళ్ళు దగ్గర పెట్టుకుని పోతే మీ మాటకు బలం ఉంటుంది.

2019లో ఈ చట్టాన్ని సవరించారు. లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెరిగింది. ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి. లైసెన్సు లేని తుపాకి ఉంచుకుంటే శిక్ష కనీసం రెండేళ్ళు, అయిదేళ్ళ దాకా పోవచ్చు. నాటు తుపాకి తయారు చేసినా, అమ్మినా ఏడేళ్ళ నుంచి యావజ్జీవం. "మా ఊరి కమ్మరి చేసిచ్చినాడు, పదివేలే" అని కొనుక్కున్నవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. కొన్నాయనతో పాటు ఆ కమ్మరి కుటుంబం కూడా మునుగుతుంది.

మన జిల్లాలో ఇంకొక చిక్కు. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపల ఉన్నవాళ్ళకు కొత్తగా తుపాకి లైసెన్సు ఇవ్వాలంటే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి ముందస్తు ఒప్పుదల కావాలి. పాత లైసెన్సు ఉన్నవాళ్ళు అటవీ శాఖ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఇది వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్. 1990 డిసెంబరులో ప్రకటించిన కౌండిన్య అభయారణ్యం దాదాపు 357 చదరపు కిలోమీటర్లు. కుప్పం, పలమనేరు పక్క పల్లెలు చాలావరకు దాని అంచునే ఉన్నాయి. తిరుపతి, చంద్రగిరి పక్క శ్రీ వేంకటేశ్వర అభయారణ్యం, జాతీయ పార్కు ఉన్నాయి. అంటే పందుల బెడద ఎక్కడ ఎక్కువో అక్కడే లైసెన్సు దొరకడం కష్టం. రైతుకు ఇది కడుపు మండే సంగతే. కానీ తెలియకుండా ఏడాది పొడుగునా ఆఫీసుల చుట్టూ తిరగడం కన్నా, తెలిసి తిరగడం మేలు.

శేషాచలం పక్కవాళ్ళకు మరొక మాట. ఎర్రచందనం దొంగల పుణ్యమా అని ఆ అడవి అంచున రాత్రిపూట తుపాకి పట్టుకుని కనిపించిన ప్రతి మనిషీ అనుమానితుడే. లైసెన్సు జేబులో లేకుండా తుపాకి భుజాన వేసుకోవద్దు. ఉన్నా సరే, రాతపూర్వక అనుమతి లేకుండా తుపాకితో అభయారణ్యం గీత దాటకూడదు. "మా చేనులో నుంచి తరుముకుంటూ పోయినాను సార్" అంటే చెల్లదు.

తుపాకి అరువు వస్తువు కాదు

మనకు కాడెద్దులు, స్ప్రేయరు, నిచ్చెన, పెళ్ళికి వంట గిన్నెలు అన్నీ అరువు ఇచ్చిపుచ్చుకునే అలవాటు. తుపాకి దగ్గర మాత్రం ఆ అలవాటు పనికిరాదు. "బావా, మీది ఒక రాత్రికి ఇయ్యి, రేపు తెచ్చిస్తా" అని పక్కాయన అడిగితే మొగమాటపడి ఇచ్చారనుకోండి. ఆయన దగ్గర లైసెన్సు లేని తుపాకి ఉన్నట్టు. మీరు లైసెన్సు షరతు తప్పినట్టు. ఇద్దరి మీదా కేసు. మరమ్మతుకో, లైసెన్సు రెన్యువల్‌కో మీరు రాసిచ్చిన కాగితంతో మోసుకుపోవచ్చు, లేదా మీరు పక్కన ఉండగా మీ కోసం మోయవచ్చు. కాల్చడానికి ఇవ్వకూడదు. లేదని చెబితే పక్కాయన రెండ్రోజులు మాట్లాడడేమో, ఆ తర్వాత మామూలే.

లైసెన్సు గల మనిషి పోతే ఏం చేయాలన్నది చాలా ఇళ్ళలో తెలియక జరిగే తప్పు. నాయన పోయినాడు, కర్మంతరాలు అయినాయి, తుపాకి మాత్రం మూలన గోనెసంచిలో చుట్టి అలాగే ఉంటుంది. కొడుక్కు దాని మీద హక్కేమీ రాదు. ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధాల షాపులో గానీ అప్పగించి రసీదు తీసుకోవాలి. కావాలంటే కొడుకు తన పేరుమీద దరఖాస్తు పెట్టుకోవచ్చు. వస్తే తెచ్చుకోవచ్చు. మా బంధువుల ఇంట్లోనే ఇలా ఆరేళ్ళు మూలన పడి ఉన్న తుపాకి, అన్నదమ్ముల భాగాల గొడవలో ఒకరు ఫిర్యాదు చేసేసరికి బయటపడింది. భాగాలు పక్కకు పోయి అందరూ కోర్టు వాయిదాలు తిరిగారు.

ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించమని పోలీసులు కబురు చేస్తారు. చేనులో పంట ఉండగా ఎన్నికలు వచ్చాయంటే రైతుకు ఇబ్బందే. అయినా అప్పగించక తప్పదు. రసీదు తీసుకోవడం, ఎన్నికలు కాగానే పోయి తెచ్చుకోవడం మరువవద్దు.

రెండు చట్టాలు, రెండు కాగితాలు

ఇది బాగా గుర్తుపెట్టుకోండి. తుపాకి లైసెన్సు అంటే తుపాకి ఉంచుకోవడానికి అనుమతి. పందిని చంపడానికి అనుమతి కాదు. ఆ రెండోది అటవీ శాఖ ఇవ్వాలి.

2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దానికి ముందు అడవి పంది మూడో షెడ్యూలులో ఉండేది. ఇప్పుడు రెండో షెడ్యూలులో ఉంది. ఏనుగు, చిరుత, ఎలుగుబంటి మొదటి షెడ్యూలు. రెండో షెడ్యూలు జంతువు మనుషులకు గానీ, నిలిచి ఉన్న పంటకు గానీ ప్రమాదంగా మారిందని నమ్మితే దానిని వేటాడేందుకు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు రాసి, కాగితం మీద అనుమతి ఇవ్వవచ్చు. 11వ సెక్షన్ చెప్పేది ఇదే. నోటిమాట చెల్లదు. "ఫారెస్టాయన కానీలే అన్నాడు" అనే మాట కోర్టులో నిలబడదు.

పక్క రాష్ట్రాల సంగతి చూస్తే, కేరళ ప్రభుత్వం 2022లో పంటలు పాడుచేసే అడవి పందుల విషయంలో ఈ అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల దాకా దించింది. ఉత్తరాఖండ్, బీహార్‌లలో కొన్ని జిల్లాలకు కేంద్రం కొంతకాలం అడవి పందిని హానికర జంతువుగా ప్రకటించింది. అలా ప్రకటించిన చోట, ఆ గడువు లోపల మాత్రమే చంపినా నేరం కాదు. అక్కడి వీడియోలు ఫోన్లో చూసి ఇక్కడ కాల్చినవాళ్ళకు ఆ ఉత్తర్వులు పనికిరావు. మనకు కావాలంటే మనం అడగాలి. ఒక్కరు పోయి అడిగితే అర్జీ, ఊరంతా పంచాయతీ తీర్మానం చేసి పట్టుకుపోతే దానికి బరువు ఉంటుంది.

అనుమతి లేకుండా పందిని చంపితే మూడేళ్ళ దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మొదటి షెడ్యూలు జంతువైతే, లేదా అభయారణ్యం లోపల వేటాడితే మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా. శిక్ష పడితే కోర్టు తుపాకి లైసెన్సు రద్దు చేసి, అయిదేళ్ళ దాకా మళ్ళీ రాకుండా కూడా చేయవచ్చు. తుపాకితో కాలిస్తేనే వేట అనుకోవద్దు. ఉచ్చు, వల, విషం, ఎర, గాయపరచడం కూడా చట్టం దృష్టిలో వేటే.

మాంసం సంగతి. అనుమతితో చంపినా, ప్రాణం కాపాడుకోవడానికి చంపినా ఆ జంతువు సర్కారు సొత్తు. మీ చేనులో తనంతట తాను చచ్చి పడి ఉన్న పంది కూడా అంతే. అలాంటిది మీ చేతికి వస్తే 48 గంటల లోపల పోలీసు స్టేషన్‌కు గానీ, ఫారెస్టు వాళ్ళకు గానీ తెలియజేయాలి. కోసి పంచుకుంటే పంచినవాడూ, వండుకున్నవాడూ సమానమే. ఏటా కనుమనాడు తిరుమలలో మలయప్ప స్వామి పారువేటకు పోతాడు. అర్చకులు స్వామి తరఫున ఈటె విసురుతారు. ఏ జంతువూ చావదు, వేట మాత్రం జరుగుతుంది. పల్లెల్లో కనుమ పేరు చెప్పి కుందేళ్ళ మీదికి కుక్కలతో పోయేవాళ్ళు ఒకసారి ఆ పారువేట చూసి రావచ్చు.

చీకట్లో కాల్పు

లైసెన్సు ఉన్నవాళ్ళకు కొన్ని జాగ్రత్తలు. రాత్రి చేనులో గలగల చప్పుడు వస్తే అది పందే కానక్కర్లేదు. మోటారు వేసేందుకు వచ్చిన పక్కాయన కావచ్చు, బహిర్దేశానికి వచ్చిన ఆడమనిషి కావచ్చు, తప్పిపోయిన ఆవు కావచ్చు. కంటికి స్పష్టంగా కనిపించనిదే తుపాకి గురి పెట్టకూడదు. చప్పుడును బట్టి కాల్చడం, కదిలే చెరకు ఆకును బట్టి కాల్చడం హత్యతో సమానం. ముందు టార్చి వేయండి, కేక వేయండి. మనిషైతే పలుకుతాడు.

మందు తుపాకి చాలావరకు బెదిరింపుకే పనికొస్తుంది. గుండు లేకుండా చప్పుడు చేసినా మంద చెదురుతుంది. కానీ దట్టించిన తుపాకిని ఇంట్లోకి తేవద్దు. గోడకు ఆనించి అన్నానికి కూర్చోవద్దు. "మందు నిన్నటిది, పేలదులే" అనే మాటతో ఎన్ని చేతులు పోయాయో. నొక్కినా పేలకపోతే మూతి వైపు చూడడం, గొట్టంలోకి తొంగిచూడడం చేయకూడదు. మూతిని నేలవైపు, మనుషులు లేని వైపు పెట్టి కాసేపు ఆగాలి. గొట్టం పగుళ్ళు, తుప్పు గుంటలు ఉంటే లైసెన్సు ఉన్న మరమ్మతుదారుకు చూపించాల్సిందే. మందు ఇంట్లో కలుపుకోవడం నేరమే కాదు, ఇల్లు కాలిపోయే పని. తుపాకి ఒక చోట, మందు మరో చోట, రెండూ పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టండి. తాగి కాపలాకు పోయేవాళ్ళు తుపాకిని ఇంట్లోనే వదిలి పోవాలి. ఇంకా చెప్పాలంటే వాళ్ళే ఇంట్లో ఉండిపోవడం మంచిది.

ఈ మధ్య కోతుల కోసమని ప్లాస్టిక్ పైపులో కార్బైడు వేసి పేల్చే గొట్టాలు వస్తున్నాయి. చవక కదా అని పిల్లల చేతికిస్తున్నారు. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఇలాంటి గొట్టాల వల్ల ఎంతోమంది పిల్లల కళ్ళు దెబ్బతిన్నాయి. పైపు పగిలినా, పేలలేదని లోపలికి చూసినా పోయేది కళ్ళే.

తీగ, బాంబు

తుపాకి లేనివాళ్ళు పట్టుకున్న దారులు రెండు. రెండూ తుపాకి కన్నా ప్రమాదం.

మొదటిది కరెంటు తీగ. స్తంభం మీది లైనుకు కొక్కెం తగిలించి, లేదా మోటారు డబ్బాలో నుంచి తీసి చేను చుట్టూ కట్టుదీగ లాగి వదులుతారు. ఆ తీగకు పంది, ఎద్దు, మనిషి అనే తేడా తెలియదు. తెల్లారి తీగ తీయడం మరిచిన రైతే పడిపోయిన సంఘటనలు ఉన్నాయి. చీకట్లో గెనిమ మీద నడిచొచ్చిన పక్క చేను మనిషి పడిపోయిన సంఘటనలు ఇంకా ఎక్కువ. పక్క చేనంటే ఎవరు? మన పెదనాయన కొడుకో, వియ్యంకుడో, చిన్నప్పటి నుంచి కలిసి బడికి పోయినోడో. ఆ ఇంటి ముందు నుంచి నీళ్ళకు పోవాల్సిన మన ఇంటి ఆడోళ్ళ గతి ఆలోచించండి. ఒక పల్లెలో ఇలా జరిగాక ఆ రెండు కుటుంబాలు ఒకే వీధిలో ఉంటూ ఏళ్ళ తరబడి మొహాలు చూసుకోలేదు. తీగ పెట్టినాయన జైలు నుంచి వచ్చాక చేను బీడు పెట్టేసి బెంగుళూరుకు పనికి పోయినాడు.

కేసుల సంగతి కూడా చిన్నది కాదు. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహిత ప్రకారం నిర్లక్ష్యంతో మనిషి ప్రాణం పోయేలా చేస్తే అయిదేళ్ళ దాకా జైలు. ప్రాణం పోతుందని తెలిసే పెట్టాడని తేలితే ఇంకా పెద్ద సెక్షన్. కరెంటు దొంగతనం కేసు వేరుగా ఉంటుంది. ఆ తీగకు ఏనుగు చస్తే వన్యప్రాణి కేసు కూడా. 2023 మే నెలలో పార్వతీపురం మన్యం జిల్లా భామిని మండలంలో నాలుగు ఏనుగులు ఒక్కసారే కరెంటుకు చనిపోయాయి.

రెండోది నాటుబాంబు. పిండిలోనో, పండులోనో పేలుడు మందు పెట్టి పందుల దారిలో పారేస్తారు. పంది కొరికితే దవడ పేలిపోతుంది. అది వెంటనే చావదు, అడవిలోకి పోయి రోజుల తరబడి చస్తుంది. కేరళలో 2020 మే నెలలో సూడి ఏనుగు ఇలాగే నోరు పేలి, నదిలో నిలబడి చచ్చిపోయింది. మరుసటి నెలలోనే మన పెద్దపంజాణి మండలంలో ఒక ఆవు నోరు పేలింది. మేతకు వదిలిన మన పాడి ఆవుకు, చేనులో ఆడుకునే పిల్లోడికి ఆ ఉండ ఏమిటో ఎలా తెలుస్తుంది?

పదహారు ఎకరాల లెక్క

అయితే పంట ఎలా దక్కించుకోవాలి? అడవి పందికి చూపు మందం. ముక్కు, చెవి మాత్రం చాలా చురుకు. ఈత ఈతకూ నాలుగు నుంచి ఆరు పిల్లలు వేస్తుంది. ఒకటి రెండు చంపినా లెక్కలోకి రాదు. ఒక చేనులో బెదిరిస్తే ఊరు వదిలి పోదు, గెనిమ దాటి పక్క చేనులో దిగుతుంది. మీరు కంచె వేసుకుంటే మీ పందులన్నీ పక్కాయనకు పోతాయి. ఆయన వేసుకుంటే అవతలాయనకు. ఆఖరుకు ఏ ఆధారమూ లేని అరెకరం రైతు, విధవరాలు, కౌలురైతు చేను పందుల పాలు. ఇక్కడే తగాదాలు మొదలవుతాయి.

అందుకే కంచె కలిసి వేసుకోవాలి. దీనికి చిన్న లెక్క ఉంది, పలకమీద వేసుకోండి. చదరంగా ఉన్న ఒక ఎకరం చుట్టూ కంచె వేయాలంటే దాదాపు 255 మీటర్లు కావాలి. పదహారు మంది ఎవరి ఎకరానికి వాళ్ళు వేసుకుంటే నాలుగు వేల మీటర్లు దాటుతుంది. అదే పదహారు ఎకరాలు ఒక్క చదరంగా కలిపి చుట్టూ వేస్తే దాదాపు 1,020 మీటర్లు చాలు. అంటే ఎకరానికి 64 మీటర్లు. ఖర్చు నాలుగో వంతు. మన కయ్యలు చదరంగా ఉండవు గాబట్టి కొంత అటూ ఇటూ అవుతుంది, అయినా లాభం లాభమే. కాపలా కూడా అంతే. పదహారు మంది వంతులు వేసుకుని రాత్రికి నలుగురు పోతే ఒక్కొక్కరికి నాలుగు రాత్రులకు ఒకసారి వస్తుంది. మిగతా మూడు రాత్రులు ఇంట్లో పడుకోవచ్చు.

సోలార్ కంచెకు, దొంగ కరెంటు తీగకు తేడా ఏమిటని చాలామంది అడుగుతారు. సోలార్ కంచెలో బ్యాటరీ నుంచి ఎనర్జైజర్ అనే పెట్టె ద్వారా సెకనుకు ఒకసారి చొప్పున కనురెప్పపాటు కన్నా తక్కువసేపు దెబ్బ వస్తుంది. దిమ్మదిరిగేలా కొడుతుంది గానీ పట్టి ఉంచదు, కాబట్టి ప్రాణం తీయదు. లైను కరెంటు ఆగకుండా పారుతుంది, పట్టుకుంటే వదలదు. సోలార్ తీగకు గడ్డి తగిలితే కరెంటు భూమిలోకి పోయి దెబ్బ తగ్గుతుంది. వారానికోసారి తీగ కింద గడ్డి కోయాలి. ఎర్తు కడ్డీ దగ్గర ఎండాకాలం నీళ్ళు పోయాలి. ఎనర్జైజర్ లేకుండా బ్యాటరీనో, ఇంటి కరెంటునో నేరుగా తీగకు కలపడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

కంచెకు డబ్బు లేనివాళ్ళకు హైదరాబాదు రాజేంద్రనగర్ వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పిన చౌక పద్ధతులు ఉన్నాయి. చేను చుట్టూ నాలుగు వరసలు ఆముదం వేయడం ఒకటి. వేరుశనగకు చుట్టూ ముళ్ళ కుసుమ కూడా చెబుతారు. ఆముదం వాసన పంట వాసనను కప్పేస్తుంది, పైగా గింజలు అమ్ముకోవచ్చు. సెలూన్లో కత్తిరించి పారేసే వెంట్రుకలు తెచ్చి గట్ల వెంట చల్లడం మరొకటి. వాసన చూస్తూ నడిచే పంది ముక్కులోకి అవి పోయి చికాకు పెడతాయి. వాన పడితే మళ్ళీ చల్లాలి. పాత చీరలు కట్టడం అందరూ చేసేదే. నా అనుభవంలో అది వారం పది రోజులే పనిచేస్తుంది, తర్వాత పందులు ఆ చీరల కిందనే దూరి వస్తాయి. ఫోరేటు గుళికలు ఇసుకలో కలిపి మూటలు కట్టమని పాత పుస్తకాల్లో ఉంటుంది. ఆ మందును 2020 డిసెంబరు 31తో నిషేధించారు. ఎవరైనా పాత నిల్వ ఇస్తామన్నా తీసుకోవద్దు.

ఏదైనా ఒక్కటే నమ్ముకోకుండా మార్చి మార్చి వాడాలి. ఈ వారం డప్పు, వచ్చే వారం మంటలు, ఆ తర్వాత స్పీకరులో కుక్కల అరుపులు. పంది తెలివైనది. ప్రమాదం లేదని తెలిస్తే మన పక్కనే మేస్తుంది.

ఏనుగులు వస్తే

ఏనుగుల దగ్గర ఈ లెక్కలేవీ పనిచేయవు. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మన పక్కకు వచ్చిన ఏనుగులు ఇక్కడే ఉండిపోయాయి. వాటి మీద తుపాకి పేల్చడం, నిప్పు విసరడం, తాగి ఎదురుపోవడం చావును పిలుచుకోవడమే. గుండు తగిలిన ఏనుగు తర్వాత ఏ ఊరి మీద పడుతుందో చెప్పలేము. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం మన రాష్ట్రానికి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను అప్పగించింది. మంద దిగిందని తెలిస్తే ముందు పక్క ఊళ్ళకు ఫోన్లు చేయండి, తర్వాత ఫారెస్టు వాళ్ళకు. చేనులో కొట్టంలో ఒంటరిగా పడుకున్న మనిషి ఎవరైనా ఉన్నారేమో ముందుగా గుర్తుచేసుకుని లేపుకురండి.

పంట పోయిన రోజు చేయాల్సింది

పందులో ఏనుగులో పాడు చేశాక కోపంతో చేను దున్నేయడం, మిగిలిన చెట్లు పీకేయడం చేయవద్దు. అడుగుజాడలు, పెళ్ళగించిన చెట్లు కనిపించేలా ఫోటోలు తీయండి. ఫోటోలో సర్వే నంబరు రాయి గానీ, గుర్తు పట్టే చెట్టు గానీ పడాలి. అటవీ శాఖ రేంజి ఆఫీసుకు, రైతు సేవా కేంద్రానికి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి ఒక నకలు మీద తేదీ, సంతకం వేయించుకోండి. పక్క ఇద్దరు రైతులను సాక్షులుగా పెట్టుకోండి. వాళ్ళకు పోయిన రోజు మీరు పెట్టండి. కౌలురైతులైతే కౌలు కార్డు నకలు జతచేయాలి, లేకపోతే పరిహారం భూమి గలాయన పేరుమీద పోయే ప్రమాదం ఉంది.

తుపాకి లైసెన్సు ఉన్నవాళ్ళు ఈ రోజే బుక్కు తీసి గడువు తేదీ, విశిష్ట గుర్తింపు నంబరు ఉన్నాయో లేదో చూసుకోండి. నంబరు లేని పాత బుక్కులు ఇప్పుడు చెల్లవు. గడువు దగ్గర పడితే విత్తనాలు వేసేలోపలే రెన్యువల్‌కు పెట్టుకోవాలి. కాయలు పాలు పోసుకునే రోజుల్లో కలెక్టరాఫీసు చుట్టూ తిరుగుతూ ఉంటే చేను కాసేవాళ్ళు ఉండరు.